వికటకవి నా ల్యాబ్‌లో ఫెయిలయ్యాడు

(2025 ఆగస్టు 29న చెన్నైలో ఒక తెలుగు భాషా దినోత్సవ సభలో, కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతున్న విద్యార్థిని చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

మన సంఘం పెద్దలు ఫోన్ చేసి, "నువ్వు కంప్యూటర్ సైన్సు కదమ్మా, మీ కాలేజీ రోజులు ఎలా గడుస్తాయో ఓ ఇరవై నిమిషాలు చెప్పు" అన్నారు. సరేనన్నాను. తర్వాత కూర్చుని వెతికితే ఇరవై నిమిషాల సరుకు దొరకలేదు. పొద్దున బాత్రూమ్ ముందు బకెట్ల క్యూ, ఆ తర్వాత మెస్‌లో ప్లేట్ల క్యూ, సాయంత్రం రికార్డు మీద సంతకం కోసం స్టాఫ్‌రూమ్ ముందు క్యూ. డేటా స్ట్రక్చర్స్‌లో మాకు క్యూ గురించి విడిగా పాఠం చెప్పక్కర్లేదు.

ఇవాళ గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు. ఆయన గురించి నాకు ముందు మాట్లాడినవాళ్ళు నాకంటే ఎంతో బాగా చెప్పారు. నేను ఒకే ఒక్క ల్యాబ్ ప్రోగ్రాం గురించి చెప్తాను. అందులో నేను తెనాలి రామకృష్ణుణ్ణి ఫెయిల్ చేశాను. మాదీ తెనాలే కాబట్టి ఆ పాపం ఇంకా ఎక్కువ తగులుతుంది.

పొద్దున తెనాలిలో పినాకినీ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మధ్యాహ్నం భోజనం వేళకు సెంట్రల్‌లో దిగొచ్చు. గూడూరు, సూళ్ళూరుపేట, తడ దాకా స్టేషన్ బోర్డు మీద మన గుండ్రటి అక్షరాలు కనపడతాయి. ఆరంబాక్కం వచ్చేసరికి అవి మాయం. 2023లో మొదటిసారి వచ్చినప్పుడు ఆ బోర్డు చూసి, ఒళ్ళో ఉన్న ఆవకాయ సీసాను గట్టిగా పట్టుకున్నాను. ఇక్కడ మెస్‌లో సాంబారు, రసం, పొరియల్, పెరుగన్నం ఉంటాయి. ముద్దపప్పు మాత్రం ఉండదు. మొదటి నెలంతా ఆ ఒక్క సీసాతోనే బతికాను.

ఆంధ్రాలో సబ్జెక్టు పోతే బ్యాక్‌లాగ్ అంటాం, ఇక్కడ అరియర్ అంటారు. పేరేదైనా ఇంట్లో చెప్పేటప్పుడు గొంతు వణికేది ఒకేలా. అటెండెన్స్ 75 శాతం ఉండాలి. సెమిస్టర్‌లో ఒక సబ్జెక్టుకి అరవై పీరియడ్లు ఉంటే పదిహేను ఎగ్గొట్టొచ్చని మొదటి వారంలోనే లెక్క కట్టేస్తాం. మా క్లాసులో గణితం అందరికీ బాగా వచ్చేది ఆ ఒక్క చోటే. సింపోజియానికి వెళ్తే ఓడీ ఇస్తారు, అంటే రాకపోయినా వచ్చినట్టే. ఆ ఓడీ ఫారం మీద సంతకాలకు తిరిగే టైములో మూడు క్లాసులు పోతాయి. ఇక సీజీపీఏ, ప్లేస్‌మెంట్, డ్రీమ్ ఆఫర్, సూపర్ డ్రీమ్ ఆఫర్ అని ఇంకో లెక్క ఉంది. దాని గురించి మాట్లాడితే నాకు టెన్షన్ వస్తుంది, మీకు నిద్ర వస్తుంది. వదిలేద్దాం.

క్లాసుల్లో నన్ను నిజంగా నిద్ర లేపింది ఒక్కటి చెప్తాను. రెండో సంవత్సరం డిస్క్రీట్ మ్యాథ్స్‌లో డి బ్రైన్ సీక్వెన్స్ అని ఒకటి వచ్చింది. ఆయన నెదర్లాండ్స్ గణితజ్ఞుడు, 1946లో దాని మీద పేపర్ రాశాడు. సున్నాలూ ఒకట్లూ మూడేసి చొప్పున తీసుకుంటే ఎనిమిది రకాలు కదా. ఆ ఎనిమిదీ ఒక్కోసారే వచ్చేలా ఒక వరసలో ఇరికించడం. బోర్డు మీద వేస్తుంటే నాకు ఎక్కడో విన్నట్టు అనిపించింది. స్కూల్లో మా తెలుగు మాస్టారు గణాలు గుర్తుండటానికి వల్లె వేయించిన "యమాతారాజభానసలగం"! లఘువును సున్నా అనుకోండి, గురువును ఒకటి అనుకోండి. య-మా-తా యగణం, మా-తా-రా మగణం, తా-రా-జ తగణం, అలా చివర స-ల-గం సగణం దాకా ఎనిమిది గణాలూ ఒక్కోసారే వస్తాయి. చివరి ల-గం మొదటి య-మా లాగే లఘువూ గురువూ, అంటే దండలా మళ్ళీ మొదటికే ముడిపడుతుంది. క్లాసులో "సార్, ఇది మాకు తొమ్మిదో తరగతిలో వచ్చింది" అన్నాను. ఆయన నమ్మలేదు. బోర్డు మీద రాసి చూపించాక, ఆ పీరియడ్ అయిపోయేదాకా ఆయనే దాన్ని పాడుకున్నారు.

సరే, ల్యాబ్ దగ్గరికి వస్తాను. మొదటి సెమిస్టర్‌లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ల్యాబ్. ముందు అబ్జర్వేషన్ నోటులో ప్రోగ్రాం చేత్తో రాసి, మేడమ్ సంతకం అయ్యాకే సిస్టమ్ ముట్టుకోవాలి. ఆ రోజు ఎక్సర్‌సైజు పాలిండ్రోమ్. ఒక మాటను తిరగేసి చదివినా అదే వస్తుందా లేదా చెప్పాలి. పైథాన్‌లో ఒక్క లైను. తిరగేయి, రెండూ సమానమో కాదో చూడు, అంతే. పరీక్షించడానికి ఇచ్చిన మాటలు ఇంగ్లీషులో "మేడమ్", "మలయాళం". రెండూ పాసయ్యాయి. ఇక్కడో తమాషా ఉంది. మలయాళం అనే మాట ఇంగ్లీషు స్పెల్లింగులోనే పాలిండ్రోమ్. మలయాళ లిపిలో కాదు, మన లిపిలోనూ కాదు.

నేను తెనాలిదాన్ని కదా, నాకు పాలిండ్రోమ్ అనగానే ఇంకేం గుర్తొస్తుంది? కాళికాదేవి ఇచ్చిన బిరుదు. వికటకవి. ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా వికటకవి. తెలుగులో టైప్ చేసి ఎంటర్ నొక్కాను.

నాట్ ఎ పాలిండ్రోమ్.

స్పెల్లింగు తప్పేమో అని మళ్ళీ కొట్టాను. అదే జవాబు. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను. అదీ కాదంది. వి మొదట్లో వీ-ఐ, తిరగేస్తే ఐ-వీ అవుతుంది కదా మరి. మేడమ్‌ని పిలిచాను. ఆవిడ చూసి, "రికార్డులో మేడమ్, మలయాళం రాయి. ఇది సిలబస్‌లో లేదు" అని సంతకం పెట్టి వెళ్ళిపోయారు. ఆవిడ తప్పేం లేదు, నా వెనక ఇంకా ముప్ఫైమంది నిలబడి ఉన్నారు.

ఆ రాత్రి హాస్టల్లో ఆ మాట పొట్ట కోసి చూశాను. కంప్యూటర్‌కి అక్షరం అంటే ఒక నంబరు. ప్రపంచంలోని లిపులకి ఆ నంబర్లిచ్చే పట్టిక పేరు యూనికోడ్. అందులో తెలుగుకి 128 గదులు కేటాయించారు. వ నంబరు 3125. క 3093, ట 3103. మరి "వి"? దానికంటూ ఒక నంబరు లేదు. వ ఒక గదిలో, గుడి ఇంకో గదిలో ఉంటాయి. గుడి నంబరు 3135. అంటే మన కంటికి అయిదు అక్షరాల వికటకవి, మెషీన్‌కి ఏడు ముక్కలు. తిరగేసినప్పుడు గుడి ముందుకొచ్చేస్తుంది, దాని వెనక వ వస్తుంది. స్క్రీన్ మీద మొట్టమొదట ఒక చుక్కల వలయం, దాని మీద గుడి. గుడి ఉంది, లోపల దేవుడు లేడు.

మిగతా మాటలు కొట్టి చూశాను. జలజ పాస్. కనక పాస్. నటన, సరస, మడమ అన్నీ పాస్. పులుపు ఫెయిల్. కులుకు ఫెయిల్. నందనం కూడా ఫెయిల్. కాసేపటికి కిటుకు తెలిసింది. తలకట్టుకి విడిగా నంబరు లేదు, అది హల్లులోనే కలిసి ఉంది. అందుకని ఒట్టి తలకట్టు మాటలన్నీ గట్టెక్కాయి. కొమ్ము ఉన్నా, గుడి ఉన్నా, సున్నా ఉన్నా మునిగాయి.

ఇది జరిగిన కొన్నాళ్ళకే మిచౌంగ్ తుఫాను వచ్చింది, 2023 డిసెంబరు మొదటి వారం. మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. మామూలుగా నవంబరులో వాన పడితే మాకు పండగే. రాత్రంతా ఫోన్లు పట్టుకుని కలెక్టర్ సెలవిచ్చారా లేదా అని చూస్తూ కూర్చుంటాం. చుట్టుపక్కల జిల్లాలన్నిటికీ ఇచ్చి మన జిల్లాకి ఇవ్వకపోతే ఆ బాధ చెప్పనలవి కాదు. ఈసారి మాత్రం సెలవు అడక్కుండానే వచ్చింది. కరెంటు పోయింది, నెట్‌వర్క్ పోయింది, కింది అంతస్తులోకి నీళ్ళొచ్చాయి. ఆ తుఫాను ఇక్కడ మమ్మల్ని ముంచి, అయిదో తారీఖున బాపట్ల దగ్గర తీరం దాటింది. అంటే నన్ను పలకరించి, మా ఇంటికి వెళ్ళిందన్నమాట. అమ్మావాళ్ళకు ఫోన్ కలవక రెండు రోజులు నాకు అన్నం దిగలేదు.

నా రూమ్మేట్‌ది కుంభకోణం. ల్యాప్‌టాప్‌లు చచ్చిపోయాయి, చెయ్యడానికేం లేదు. కొవ్వొత్తి పెట్టుకుని కూర్చున్నాం. నా మనసు మళ్ళించడానికి, "నీ ల్యాబ్ కథ మళ్ళీ చెప్పు" అంది. వికటకవి అనగానే ఎగిరి గంతేసింది. "అది మాది!" తెనాలి రామన్ కథలు వాళ్ళకూ ఉన్నాయి, వికటకవి వాళ్ళకూ ఉంది, తిరగేసినా అదే మాట. తెనాలి మాది కాబట్టి కవి మావాడని నేను. ఈ గొడవ ఇంకా తేలలేదు.

తర్వాత అది నవ్వుతూ, "తెలుగును తిరగేసి చెప్పనా?" అంది. గు-లు-తె. మీలో కాలేజీల్లో చదివినవాళ్ళందరికీ ఈపాటికి అర్థమై ఉంటుంది. మనల్ని ఏడిపించడానికి వాడే గుల్టీ అనే మాట అలా తిరగేస్తేనే పుట్టిందని అంటారు. మొదటి సెమిస్టర్‌లో ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది. ఆ రాత్రి మాత్రం ఇంకోటి తట్టింది. ఎవడో కుర్రాడు, తెలుగు రానివాడే, నోటితో తెలుగు అనే మాటను సరిగ్గా అక్షరం అక్షరంగా తిరగేశాడు. నా ప్రోగ్రాం ఆ పని చెయ్యలేకపోయింది. దాన్ని తిరగేయమంటే ముందు కొమ్ము వేలాడదీసి, తర్వాత గులెత అంటుంది.

ఆ తర్వాత కాగితం మీద ఆట మొదలైంది. నేను "ముత్యము" అని రాశాను. ము, త్య, ము. పాలిండ్రోమే కదా. అది నా పక్కన తమిళంలో అదే శబ్దం రాసి, వేళ్ళు మడిచి లెక్కపెట్టి, కాదంది. ము, త్, య, ము. నాలుగక్షరాలు. తిరగేస్తే ము-య-త్-ము. నేను త్య ఒకటే అక్షరం అంటాను, అది త్ వేరే అక్షరం అంటుంది. ఎంతసేపు పోట్లాడుకున్నామో. చివరికి తెలిసిందేమిటంటే ఇద్దరిదీ నిజమే. తమిళంలో అచ్చులు 12, పొల్లు హల్లులు 18, ఆ రెండూ కలిసినవి 216, ఆయుధం అనే ప్రత్యేక అక్షరం ఒకటి, మొత్తం 247 అక్షరాలు. పొల్లు హల్లుకి అక్కడ సొంత కుర్చీ ఉంది. మన దగ్గర ఒత్తు అయిపోయి కిందికి దిగిపోతుంది. ఒకే గది, ఒకే కొవ్వొత్తి, ఒకే శబ్దం. అక్షరాలు మాత్రం నాకు మూడు, దానికి నాలుగు.

ఈ ఒత్తుల సంగతి చిన్నదేం కాదు. 2018 ఫిబ్రవరిలో, నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు, ఒక తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. పేపర్లన్నీ రాశాయి. ఆ అక్షరం ఏమిటో తెలుసా? జ్ఞా. జకి ఞ ఒత్తు, దీర్ఘం, మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తు. ప్రపంచమంతా ఫోన్లు ఆగిపోవడానికి మన భాషలో జ్ఞానం మొదటి అక్షరం సరిపోయింది. కొద్ది రోజుల్లోనే అప్‌డేట్ ఇచ్చి సరిచేశారు లెండి.

ఇప్పుడు నా సొంత నేరం ఒకటి ఒప్పుకోవాలి. మా తాతయ్య ఈ ఊళ్ళోనే ఒక ప్రెస్సులో కంపోజిటర్‌గా పనిచేశారు. అప్పట్లో తెనాలి వాళ్ళకి మద్రాసు పక్కవీధి. చక్రపాణి గారిది మా తెనాలే కదా, ఆయనా నాగిరెడ్డి గారూ కలిసి 1947 జులైలో చందమామ మొదలుపెట్టింది ఇక్కడే, తెలుగులో, ఆ ఏడాదే తమిళంలోనూ. తాతయ్య మాత్రం అంత పేరున్న చోట కాదు, చిన్న ప్రెస్సులో అక్షరాలు పేర్చారు. తర్వాత ఊరికెళ్ళి సొంతంగా పెట్టుకున్నారు. నాన్న దాన్ని డీటీపీ షాపు చేశారు. శుభలేఖలు, కరపత్రాలు, దినం కార్డులు. ఆ కంప్యూటర్‌లో పాత ఫాంట్లు. వాటిలో ఉన్నది నిజంగా తెలుగు కాదు, ఇంగ్లీషు అక్షరాలకి తెలుగు వేషం వేసినవి. ఆ ఫైలు ఇంకో చోట తెరిస్తే వేషం ఊడిపోయి పిచ్చి గుర్తులు వస్తాయి.

మొదటి సంవత్సరం సెలవుల్లో ఇంటికెళ్ళి, "నాన్నా, వీటన్నిటినీ యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాం రాస్తాను" అన్నాను. రాశాను కూడా. నాన్న చుట్టుపక్కల షాపుల వాళ్ళందరినీ పిలిచి చూపించారు. మర్నాడు దానితోనే ఒక శుభలేఖ మార్చి అచ్చుకిచ్చాం. మూడొందల కార్డులు. పెళ్ళికూతురు పేరు లక్ష్మి. నా ప్రోగ్రాం రెండు ఒత్తుల్లో ఒకదాన్ని మింగేసి "లక్మి" చేసింది. అంతా చూసుకున్నాను, ముహూర్తం చూశాను, కల్యాణమండపం చూశాను, పేరు మాత్రం అలవాటైన పేరే కదా అని కళ్ళు జారిపోయాయి.

పెళ్ళివారు వచ్చి కార్డు బల్ల మీద పెట్టినప్పుడు నేను వెనక గదిలోకి వెళ్ళిపోయాను. నాన్న వాళ్ళకి మంచినీళ్ళిచ్చి, సాయంత్రానికి వేరేవి ఇస్తానని పంపారు. ఆ డబ్బు సంగతి నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. రాత్రి షాపు మూశాక నన్ను కూర్చోబెట్టి, "ప్రూఫు ముందు నుంచి చదవకూడదు తల్లీ. అర్థం అడ్డొస్తుంది. మీ తాతయ్య వెనక నుంచి చదివేవారు. సీసం అక్షరాలు ఎలాగూ తిరగబడే ఉంటాయి, ఆయనకదే సుఖం" అన్నారు. కార్డు తీసుకుని చూపుడువేలు ఒక్కో అక్షరం మీద పెట్టి చివర్నుంచి చదివారు. "క్ష్మి. ల. చూశావా, ఇలా చదివుంటే నీకు 'క్మి' దగ్గరే వేలు ఆగిపోయేది."

నేను ఆయన వేలు చూస్తున్నాను. క, ష, మ, రెండు పొల్లులు, ఒక గుడి. నా లెక్కలో ఆరు ముక్కలు. ఆయన వేలు వాటన్నిటి మీదా ఒక్కసారే ఆగింది. ఆరు నెలల నుంచి నేను రాయలేకపోతున్న ప్రోగ్రాం, మా నాన్న వేలికి వచ్చు.

తిరిగొచ్చాక పట్టుబట్టి వెతికాను. యూనికోడ్ వాళ్ళకి దీనికో నియమం ఉంది. ఏ ముక్కలు కలిసి మనిషి కంటికి ఒక అక్షరం అవుతాయో చెప్పే నియమం. పాత నియమంలో గుడి, కొమ్ము, సున్నా హల్లుతో కలిసేవి. అంటే వికటకవి అప్పటికే పాస్. కానీ పొల్లు దగ్గర తెగిపోయేది. ముత్యము నాలుగు ముక్కలు, మా కుంభకోణం లెక్కే. 2023 సెప్టెంబరులో వచ్చిన 15.1 వెర్షన్‌లో అది మార్చారు. పొల్లు తర్వాత హల్లు వస్తే తెంచొద్దని తెలుగుకీ, దేవనాగరికీ, ఇంకో నాలుగు లిపులకీ చెప్పారు. తమిళం ఆ జాబితాలో లేదు. ఉండకూడదు కూడా. ఆ రాత్రి కొవ్వొత్తి దగ్గర మేం కొట్టుకున్నది సరిగ్గా దాని గురించే. అంతకు రెండు మూడు నెలల ముందే ఎవరో తీర్పు రాసి పెట్టారు, మాకే తెలీదు.

ఈ రోజుల్లో ఏఐని అడిగితే పోయేదానికి ఇదంతా ఎందుకని మా క్లాసులో వాళ్ళే అంటారు. నేనూ అడుగుతాను, అసైన్‌మెంట్లకి అందరం అడుగుతాం, ఇక్కడ దాచడం దేనికి. పాలిండ్రోమ్ ప్రోగ్రాం అడిగితే అదీ ముందు ఆ ఒక్క లైనే ఇచ్చింది. వికటకవి వేసి చూపించాక చాలా మర్యాదగా క్షమాపణ చెప్పి, సరైన దారి చెప్పింది. నేను మేడమ్, మలయాళం వేసి ఊరుకుని ఉంటే దానికీ తెలీదు, నాకూ తెలీదు. రికార్డు చేత్తో రాయించడం మీద నాకు బోలెడు కోపం ఉంది, కానీ వైవాలో ఎక్స్‌టర్నల్ "ఈ లైను ఎందుకు?" అని అడిగితే నోరు తెరవలేకపోయిన స్నేహితుల్ని చూశాక ఆ కోపం కాస్త తగ్గింది.

ఇప్పుడు నా ప్రోగ్రాంలో వికటకవి పాస్, పులుపు పాస్, ముత్యము పాస్. నాన్న షాపులో మార్చిన ప్రతి కార్డునీ అది చివర్నుంచి అక్షరం అక్షరంగా అచ్చేసి ఒక కాగితం ఇస్తుంది, నాన్న దాని మీద వేలు పెట్టి చదువుతారు. రూమ్మేట్ కోసం అందులో ఒక స్విచ్ పెట్టాను, నొక్కితే తమిళ లెక్క. ఆ స్విచ్ నొక్కి, ముత్యము ఫెయిలైనప్పుడల్లా తను చప్పట్లు కొడుతుంది.

నా హాస్టల్ గేటు తొమ్మిదింటికి మూసేస్తారు. అబ్బాయిలకి పదింటిదాకా తెరిచే ఉంటుంది, ఆ లెక్క ఏ సూత్రం ప్రకారమో ఎవరూ చెప్పరు. అవుట్‌పాస్ మీద వార్డెన్ టైము కూడా రాశారు, అందుకని ఆపేస్తాను. వెళ్ళేముందు ఒక్క సాయం చెయ్యాలి. తిరగేసినా అదే వచ్చే తెలుగు మాటలు, ముఖ్యంగా ముత్యములాగా మధ్యలో ఒత్తున్నవి, మీకు తెలిసినవి ఏమన్నా ఉంటే కాగితం మీద రాసి నాకివ్వండి. ప్రోగ్రాంని పరీక్షించడానికి కావాలి. నా దగ్గర నలభై రెండున్నాయి, వాటిలో ఒత్తున్నవి మూడే. కిటికీ మాత్రం రాయకండి. నేనూ మొదట అదే రాశాను. నాన్న వెనక నుంచి చదివి, చివర దీర్ఘం ఉందన్నారు.